ఇరవై ఐదు గంటల రోజు

కురవి దగ్గరి తండాలో పుట్టిన సౌందర్య మహబూబాబాద్‌లో డిగ్రీ చదివింది. ఇప్పుడు ఇంటి నుంచే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి పనిచేస్తోంది. పాలకుర్తి చుట్టుపక్కల పత్తి చేలల్లో ఎప్పుడు ఎంత వాన పడిందో ఫోన్‌లో చూపించే యాప్‌ను ఆమే చూసుకుంటుంది. చేలల్లోని వాన కొలిచే మిషన్ల నుంచి గంటకో అంకె, ఆ గంట నంబరుతో సహా, డేటాబేస్ టేబుల్‌లో చేరుతుంది. హైబర్నేట్ అనే సాఫ్ట్‌వేర్ ఆ అంకెలను తెచ్చి జావా ప్రోగ్రామ్‌లోని ఇంట్ అర్రేలో, అంటే అంకెలు పట్టే గదుల వరుసలో, నంబరు ప్రకారం నింపుతుంది.

ఒక ఉదయం యాప్ మొరాయించింది. కొత్త రోజులు బాగానే తెరుచుకుంటున్నాయి, నిరుటివి మాత్రం రావడం లేదు. ఖాళీ విలువను ఇంట్‌లో పెట్టలేనని ఎర్రర్. నిజమే, ఇంట్ అర్రే గదుల్లో అంకె తప్ప ఖాళీ పట్టదు. కానీ టేబుల్ అంతా వెతికినా ఒక్క ఖాళీ కూడా కనబడలేదు. మరి అది ఎక్కణ్ణుంచి వస్తోంది?

ఇంట్‌ను ఖాళీని కూడా ఒప్పుకునే ఇంటీజర్‌గా మార్చి చూసింది. యాప్ తెరుచుకుంది. పని అయిపోయినట్టే, కానీ ఆమెకు మనసొప్పలేదు. నిరుటి ఒక రోజు గ్రాఫ్‌ను దగ్గరగా చూస్తే మొదటి గంట ఖాళీగా ఉంది, చివర ఒక గంట ఎక్కువుంది. ఆ రోజుకు ఇరవై ఐదు గంటలు! పైగా ఆ రోజు తను పాలకుర్తిలో ఆటో దిగుతూ తడిసిన వాన మూడింటికి మొదలైతే, గ్రాఫ్‌లో నాలుగింటికి పడుతోంది.

భూపాలపల్లిలో ఉండే సహోద్యోగి ప్రణయ్‌కి ఫోన్ చేసింది.

"పాత లెక్కలు టేబుల్‌ల నువ్వే చేత్తో ఎక్కించినవ్ గద? గంటలకు నంబర్లు ఎట్ల ఇచ్చినవ్?"

"ఎట్లేంది అక్కా? ఒకటి, రెండు, మూడు... అందరు లెక్కపెట్టినట్టే."

"గదే మరి! అర్రే సున్నా కాడ మొదలైతది. సున్నా నంబర్ లేదని హైబర్నేట్ మొదటి గదిని ఖాళీగ ఇడిచింది. అన్ని గంటలు ఒక్కో గది ముందుకు జరిగినయ్."

"అయ్యో, నిన్ను పరేషాన్ చేసిన."

"లే, నాకైతే మస్తు మజా వచ్చింది."

ఫోన్‌లో మాట్లాడుతూనే పాత నంబర్లన్నీ ఒకటి తగ్గించి, ఇంటీజర్‌ను మళ్లీ ఇంట్ చేసింది. ఈసారి గ్రాఫ్‌లో వాన మూడింటికే పడింది.

ప్రణయ్ ఫోన్ పెట్టబోతుంటే ఆపింది. "జర ఆగు. మిషన్ చెడిపోయిన గంట సంగతేంది? ఇంట్‌ల ఖాళీ పట్టదు. సున్నా రాస్తే వాన పడలేదనుకుంటరు గద?"

అవతల ప్రణయ్ కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు వినబడింది.