గట్టో గుల్లో ఓబలప్ప చెప్పాలి

మా ఓబలప్ప దేన్నయినా తట్టి చూడనిదే నమ్మడు. పనసపండుని తడతాడు, కొత్త బిందెని తడతాడు, నిశ్చితార్థంలో పెట్టిన లడ్డూని పళ్ళేనికేసి తట్టి చూశాడు. తీర్పులు రెండే: గట్టి, గుల్ల. ఒకసారి నా పొట్ట మీద వేలితో తట్టి, "గుల్ల, మేష్ట్రూ" అన్నాడు. అప్పటికి నేను రెండు ముద్దల సంగటి తిని అరగంట కూడా కాలేదు.

ఇది గని నేర్పిన అలవాటు. ముప్పై ఏళ్ళు భూమి లోపల, మనుషులు పనిలోకి దిగేముందు నెత్తిమీది రాయిని ఇనుప కడ్డీతో కొట్టి వినడం ఆయన ఉద్యోగం. ఖంగుమంటే గట్టి, బోలుగా పలికితే గుల్ల. గని మూతపడింది, కడ్డీ మిగిలింది. దాంతో మా బ్లాకు గోడల మీద పడ్డాడు.

సర్కారు ఇక్కడి బంగారు గనుల్ని తీసుకున్న కొన్నేళ్ళకి ఊరిగాం బజారు పక్కన కట్టిన మూడంతస్తుల కాంక్రీటు బ్లాకు మాది. పూత లేదు, రంగు లేదు. పోత పోసినప్పటి చెక్కల గీతలు గోడల మీద అట్లాగే ఉన్నాయి. కొత్తవాళ్ళు చూసి గోదామా అని అడుగుతారు. కానీ చేరినవాళ్ళు కదలరు. కింద పోపు పెడితే పైన తుమ్ములు, ఒకరింట్లో దగ్గితే ఆరిళ్ళ నుంచి మిరియాల కషాయం. నాకా బ్లాకంటే ప్రాణం.

ఓబలప్ప కొడుకు తమక అనే ఊళ్ళో గులాబీరంగు ఇల్లు కట్టి తండ్రిని పిలుచుకుపోయాడు. గృహప్రవేశంలో పంతులు మంత్రం ఆపేదాకా గోడలన్నీ తట్టి, ఓబలప్ప మధ్యాహ్నం బస్సుకే తిరిగొచ్చేశాడు.

"ఏమప్పా, అంత మంచి ఇల్లు వదిలేసి వచ్చినావే?"

"ఇల్లు బాగానే ఉండాది మేష్ట్రూ. తడితే పలికేవాళ్ళే లేరు."

గోడలు పలకడమేమిటని నవ్వుకున్నాను.

రోజూ ఉదయం ఐదున్నరకి మొదలు. టక్ టక్ టక్. గోడకి చెవి ఆనించి, తలూపి, ఇంకో గోడకి పోయేవాడు. సరిగ్గా అప్పుడే మా పైన తాయమ్మ అల్లం దంచేది. ఒంటిమనిషికి రోజూ అంత అల్లమెందుకని మా ఆవిడకి ఆశ్చర్యం. ఓబలప్ప మా గోడ జోలికి మాత్రం రాడు. మన గోడకేం తక్కువని ఆమె కాస్త నొచ్చుకునేది కూడా.

అంతలో పక్కింట్లో నంజుండప్ప దిగాడు. రిటైరైన గుమాస్తా, ఒంటిమనిషి. నిద్రంటే భక్తి. నెల తిరక్కుండానే అర్జీ రాశాడు.

"అందరికీ మూడు దెబ్బలు, నా గోడకి ముప్పై! అదీ చాలక తలుపు కొట్టి నిద్ర లేపి కాఫీ ఇస్తాడు సార్. నేనడిగినానా?"

బ్లాకులో సగంమంది సంతకం పెట్టారు. సిగ్గుపడుతూ చెప్తున్నాను, నేనూ పెట్టాను. కడ్డీ నంజుండప్ప చేతికిపోయింది.

"ఒగ పొద్దన్నా ఆపితే పని చెడిపోతాదప్పా," అన్నాడు ఓబలప్ప.

"ఏం పని? కాంక్రీటు లేచి నడిచిపోతాదా?"

ఓబలప్ప అతన్ని ఎగాదిగా చూసి, "ఈ మనిషి గుల్ల" అని నాతో చెప్పి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఐదున్నరకి చప్పుడు లేదు. హాయిగా ఇంకోవైపు తిరిగాను. కాసేపటికి పైన అల్లం మొదలైంది. మూడు దెబ్బలు పడి ఆగింది. మళ్ళీ మూడు. కింద చిన్నవెంకటమ్మ ఇంట్లో చెంబు మూడుసార్లు మోగింది. చివరింట్లో దొడ్డమునియప్ప చేతికర్ర అందుకుంది. బ్లాకంతా టకటకలాడుతుంటే నేనూ నంజుండప్పా వరండాలోకి పరిగెత్తాం. మోకాళ్ళనొప్పుల తాయమ్మ రోకలిబండ పట్టుకుని మెట్లు దిగుతోంది.

"ఓబలప్పకి ఏమయినాదప్పా? ఎంత కొట్టినా పలకడే."

"నువ్వు దంచేది అల్లం కాదా తాయమ్మా?"

"నాకు అల్లమే పడదు మేష్ట్రూ. గనిలోకి మనుషుల్ని తీసుకుపోయే కేజు దించాలంటే ఒగరు గంట కొడితే ఇంగొకరు తిరుగు గంట కొట్టల్ల కదా, అదే పద్ధతి. ఒంటిగా ఉండే ఇండ్లకి ఆయప్ప కొడతాడు, మేం బాగుంటే తిరుగు కొడతాం. కొట్టకపోతే కాఫీతో వచ్చి నిలబడతాడు. పోయినేడు నేను నీళ్ళగదిలో జారిపడితే ఎత్తింది ఎవరనుకున్నావు?"

నంజుండప్ప ముఖం చూడాలి అప్పుడు. అందరం ఓబలప్ప ఇంటికి పోయాం. ఆయన అలిగి గోడకి వీపు పెట్టి కూర్చున్నాడు, గుండ్రాయిలా ఉన్నాడు. నంజుండప్ప తన ఇంటికి పోయి కడ్డీ తెచ్చి రెండు చేతులతో ఇచ్చాడు.

"ముందే చెప్పకూడదా అన్నా?"

"చెప్పేదేముండాది? నువ్వు తిరుగు కొట్టింటే నేను ముప్పై ఎందుకు కొడతాను?"

మర్నాడు ఐదున్నరకి నేనే లేచి వరండాలో నిలబడ్డాను. ఓబలప్ప నంజుండప్ప గోడకి మూడు కొట్టి చెవి ఆనించాడు. లోపల చప్పుడు లేదు. ఓబలప్ప కదల్లేదు. చివరికి నిద్రమత్తులో ఎవరో గరిటెతో పళ్ళెం మీద కొట్టినట్టు వినిపించింది. ఒకటి, రెండు, చాలాసేపటికి మూడు.

ఓబలప్ప గోడ వదిలి నావైపు తిరిగాడు.

"మనిషి గట్టే మేష్ట్రూ. నిద్దరే కొంచెం ఎక్కువ."