కృష్ణకాంత్‌ను నీళ్ల మీద నిలబెట్టిన జమలయ్య

తెనాలిలో ట్రాక్టర్లు బాగుచేసే జమలయ్య దృష్టిలో ఏ ఇంజనైనా ఎడ్ల జతే. కుర్రతనంలో అమృతలూరు చుట్టుపక్కల బండలాగుడు పందేల్లో ఎడ్లు తోలినవాడు మరి.

బాపట్ల కృష్ణకాంత్ స్కీ బోటు కొని పెనుమూడి దగ్గర కృష్ణా నదిలో దింపాడు. కాళ్లకు చెక్కలు తొడుక్కుని, బోటు తాడు పట్టుకుని నీళ్ల మీద జారుతూ పోవాలని ఆయన సరదా. ఆదివారం తన రిసార్టు ప్రారంభంలో తానే జారి చూపిస్తానని కార్డులు కూడా పంచేశాడు. మనిషి నూట పద్దెనిమిది కిలోలు. ఇంతవరకూ పైకి లేచింది లేదు, నీళ్లు తాగడం మాత్రం బాగా వచ్చింది. బోటు సంగతి చూడమని జమలయ్యను పిలిపించాడు.

“మూడొందల హార్స్ పవర్ బాబాయ్! ఇంకేం కావాలి?”

“గుర్రాలు పరుగుకండి. మిమ్మల్ని లేపాలంటే ఎడ్లే కావాలి,” అన్నాడు జమలయ్య. “ఆ మూడొందలూ ఇంజను బాగా వేగం అందుకున్నాక వచ్చేవి. మీరు లేవాల్సింది మొదటి గుంజుకి. దాన్నే టార్కు అంటారు.”

“ఆదివారం నేను లేవకపోతే కొచ్చి నుంచి మెకానిక్కుని రప్పిస్తా. తర్వాత నీ పేరేమవుద్దో నువ్వే చూసుకో.”

ముప్పై ఏళ్ల పేరు! జమలయ్యకు అన్నం సహించలేదు. కొలకలూరు నుంచి పున్నయ్య పందెపు ఎడ్లను లారీలో తెప్పించి, బోటు గుంజు ఎంతో తేల్చడానికి దాని తాడును వాటి కాడిమానుకు కట్టించాడు. ఇంజను గీపెట్టింది. ఎడ్లు తాపీగా బోటును ఒడ్డుకు ఈడ్చుకొచ్చాయి.

“దీనికి ఉలవలు పెట్టట్లేదేంటి బావా?” అన్నాడు పున్నయ్య.

జమలయ్య బోటు వెనక నీళ్లలో తిరిగే పంకా విప్పి చూశాడు. రెక్కల వాలు ఎక్కువ. ఒక్కసారే బోలెడు నీళ్లు కొరికి ఇంజను చతికిలబడుతోంది. వాలు తక్కువున్న పంకా బిగించాడు. ఈసారి ఎడ్లు మోకాళ్లలోతు నీళ్లలోకి జారాయి. పున్నయ్య మొహం మాడింది.

ఆదివారం కృష్ణకాంత్ నీళ్లలో దిగాక జమలయ్య ఒకే సలహా ఇచ్చాడు, పందెంలో కుర్రాళ్లకిచ్చేదే: “ఏమైనా సరే, తాడు వదలొద్దండి.”

మొదటి గుంజుకే కృష్ణకాంత్ కరెంటు స్తంభంలా లేచాడు. ఒడ్డున చప్పట్లు. వాలు తగ్గింది గనక వేగమూ తగ్గింది. కట్ట మీద బైకులవాళ్లు పక్కనే వస్తూ కుశలమడుగుతున్నారు. బోటు నడిపే త్రినాథ్ కాస్త నెమ్మదించబోతే, “ఆపావంటే మునుగుతాన్రోయ్!” అని కేక. తాడు వదిలేసి హాయిగా కూలబడాలని ఆయనకెవరూ చెప్పలేదు. నలభై నిమిషాలు తిరిగారు. అతిథులు భోజనాలకు వెళ్లి తాంబూలాలతో తిరిగొచ్చారు.

ఒడ్డుకు కాస్త దూరంలో పెట్రోలు అయిపోయింది. కృష్ణకాంత్ తాడుతో సహా మెల్లగా దిగిపోయాడు. త్రినాథ్ ఆయన్ను బోటులోకి లాగుతుంటే ఒడ్డున జమలయ్య తన పానాలు సంచిలో సర్దుకోవడం మొదలెట్టాడు.

కృష్ణకాంత్ నోట్లో నీళ్లు ఉమ్మేసి అరిచాడు. “బాబాయ్! నువ్వు ఇక్కడే ఉండు, ఇంకెవర్నీ బోటు ముట్టుకోనీకు. ఒరే త్రినాథూ, ఇంకో ట్యాంకు పోయించు!”