వేడి బానెట్

ప్రొద్దుటూరు వేలంలో ఎవడో అబద్ధం చెప్పి నా నోటికాడి బండి ఎగరేసుకుపోయాడని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అతను అబద్ధం చెప్పలేదు.

చీనీకాయలు తోలడానికి మాకొక పాత పికప్ కావాలి. బేరమాడే నోరు నాది కాబట్టి పులివెందులలో నేనే బస్సెక్కాను. నా ఫోన్ మాటలన్నీ విన్న పక్కసీటాయన జమ్మలమడుగు దాటాక అందుకున్నాడు.

"ఆ బండి నాకు తెలుసు. ఇంజిన్ సల్లగుంటే స్టార్ట్ కాదు. మీరొచ్చేలోగా తోసి, స్టార్ట్ చేసి, వేడి చేసి పెడతారు. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడమ్మా."

"నేను తప్పుకుంటే నువ్వు కొట్టేద్దామనా? నీలాంటోళ్లను శానామందిని చూసినాంలేప్పా."

"నీ నోటికి ఆ బండే సరిపోతాది, పో!" అని కిటికీ వైపు తిరిగాడు.

పొద్దుటి నుంచి బండిని ఎవరూ ముట్టలేదని వేలం వేసేవాడు ఒట్టేశాడు. షెడ్డు నీడలో ఉన్న బానెట్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. నేను పాట పాడలేదు. పాడిందీ, కొన్నదీ ఆ పక్కసీటాయనే. తాళం చేతికి రాగానే, ఎద్దు మూపురం నిమిరినట్టు ఆ వేడి బానెట్‌ను నిమిరాడు. నా వైపు చూడనైనా లేదు.

అన్నీ తెలిసినోడివి, మరి నువ్వెందుకు కొన్నావప్పా?