ఆ పాటకు అర్థం చెప్పిన మనిషి

మా చర్ల ఊరి మైకుసెట్టు మామ పోయారని భద్రాచలం బస్టాండులో కండక్టరు చెప్పాడు. కొట్టు సామాను ఎక్కిస్తున్నాను. మిగతా మూటలు ఎక్కించి అదే బస్సులో బయలుదేరాను.

నా కొట్టు, ఆయన మైకుసెట్టు గది ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. పొద్దున నేను జమాఖర్చు రాసుకుంటుంటే అవతల ఆయన "హలో, హలో" అంటూ మైకు చూసుకునేవారు. నేను బడిలో చదవలేదు. ఆయన రికార్డుల అట్టల మీది అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. తప్పు చదివితే నవ్వేవారు కాదు, ఆ పాటే పెట్టి వినిపించేవారు. పెళ్లిళ్లలో మైకు హారన్ కట్టడానికి చెట్టు తానే ఎక్కేవారు. "పడితే నేను పడాలె. మీకింకా పెండ్లిండ్లు కావాలె" అనేవారు కుర్రాళ్లతో.

ఒక ఏడు కుర్రాళ్లకు ఒక పాట పిచ్చి పట్టింది. సినిమాది కాదు, హైదరాబాదు నుంచి వచ్చిన క్యాసెట్టు. యువకులారా లేవండి, మీ బలం మీకు తెలియదు, లోకాన్ని మార్చేది మీరే అని చెప్పే పాట. అర్థం ఎవరికి కావాలి? ఊరేగింపులో గంతులెయ్యడానికి బాగుండేది.

ఆ వానాకాలం గోదావరి పోటెత్తి మా వాగును వెనక్కి తన్నింది. పల్లంలోని కోయగూడెం చుట్టూ నీళ్లు చేరుతున్నాయి. సాయానికి రమ్మని పెద్దలు డప్పు చాటింపు వేయిస్తే కుర్రాళ్లలో ఒక్కడూ రాలేదు. చాటింపంటే కూలివ్వని పనికి పట్టుకుపోతారని భయం, వినగానే దాక్కునేవారు. మామ బ్యాటరీ తగిలించి ఆ పాట పెట్టారు. ఏదో ఊరేగింపు అనుకొని అందరూ బడి దగ్గరికి ఉరికొచ్చారు. ఆయన పాట సగంలో ఆపి మైకులో అన్నారు.

"పాట విన్నరు గదా. దాని అర్థం గూడెంల ఉన్నది. తాళ్లు పట్టుండ్రి."

సాయంత్రానికి ముసలివాళ్లను, పిల్లలను మోసుకొచ్చి బడిలో చేర్చారు. ఆ గూడెం కుర్రాడే ఒకడు, మేకలు మిగిలిపోయాయని మళ్లీ వెళ్లి తిరిగి రాలేదు.

మామ ఆ పాట మైకులో మళ్లీ పెట్టలేదు. వరద తీసిన కొన్నాళ్లకు ఆ కుర్రాడి తల్లి ఆయన గదికొచ్చింది. ఆమెకు తెలుగు అంతంత మాత్రం. కొడుకు ఇంట్లో ఎప్పుడూ పాడే పాటలో ఏముందో చెప్పమంది. ఆయన చిన్న టేపురికార్డరులో పెట్టి, చరణం చరణానికీ ఆపి, కోయలో చెప్పారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆమె చివరిదాకా విని, నన్ను చూసి కాబోలు, తెలుగులో అడిగింది.

"ఇంటికి మల్ల రమ్మని యాడన్న ఉన్నదా, అన్నా?"

"లేదు చెల్లె" అన్నారు.

అప్పటి నుంచి పెళ్లయినా జాతరయినా మైకు ఆపేముందు ఒక మాట చెప్పేవారు. "తమ్మీ, అందరు ఇండ్లకు చేరుండ్రి. పక్కోడు చేరిండో లేదో చూడుండ్రి." సంగతి తెలియనివాళ్లు నవ్వేవారు. ఆయన నవ్వకుండా వైర్లు చుట్టుకునేవారు.

ఆయన్ను గోదావరి ఒడ్డునే దహనం చేశాం. ఆనాడు తాళ్లు పట్టినవాళ్లు పిల్లల్ని ఎత్తుకొని వచ్చారు. ఆ తల్లీ వచ్చి ఇసుకలో కూర్చుంది. అన్నీ అయిపోయాయి. చితి మీద పొగ పల్చబడింది. ఇక ఇళ్లకు పొమ్మని మాతో చెప్పేవారు లేరు. చీకటి పడుతున్నా ఎవరూ కదల్లేదు. ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ, ఎవరెవరున్నారో మనసులో సరిచూసుకుంటూ అక్కడే నిలబడ్డాం.