శంకరవ్వ మీద తీర్మానం

నలుగురు చేతులు లేపనిదే మా ప్రేమ్‌చంద్ మామ ఏ పనీ చెయ్యడు. ఒకరు ప్రతిపాదించాలె, ఇంకొకరు బలపరచాలె, మిగిలినోళ్లు చేతులు లేపాలె. ఆయన వేలు పెట్టి లెక్కవెట్టి, ఎర్ర అట్ట పుస్తకంల రాసుకోవాలె. గప్పుడుగాని ఛాయల చక్కెర పడదు.

మందమర్రిల మా ఇంటికి, వాళ్లింటికి నడుమ ఒక్కటే గోడ. మామ ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల పనిజేసిండు. ఇరవై రెండేండ్లు మెథడిస్టు చర్చి కమిటీకి సెక్రటరీగ ఉన్నడు. బాయి నుంచి రిటైరయిండు, కమిటీల నుంచి గూడ దిగిండు. కమిటీ మాత్రం ఆయన మీదికెల్లి దిగలే.

ఒకసారి వాళ్లింట్ల తేలు కనవడ్డది. వాళ్లావిడ మగ్దలేనమ్మ అత్త చెప్పు పట్టుకొని ఉరికొచ్చింది. మామ కుర్చీల కాళ్లు మీదికి ముడుచుకున్నడు.

"ఆగు! చంపుడా, బయట పారేసుడా? ముందుగాల ప్రతిపాదన రానీ."

"అది కుట్టినంక రానిస్తరా?"

"కోరం లేదు, మనుషులు సాలరు. గోడ అవతలోళ్లను పిలువు."

నేను, మా అత్తమ్మ కొమురవ్వ గోడ తిరిగి పోయేసరికి తేలు దాని తొవ్వన అది పోయింది. పుస్తకంల ఏం రాసిండో నేను నా కండ్లతోని చూసిన. "చర్చ ముగియకముందే ఒక సభ్యుడు సభ నుంచి వెళ్లిపోయిండు."

కూర సంగతి ఇంకా అన్యాలం. ఇంట్ల ఉన్నదే ఇద్దరు. మామ బెండకాయ అంటడు, అత్త బీరకాయ అంటది. ఓట్లు సమానం గాబట్టి అధ్యక్షుని ఓటు వాడుకొని బెండకాయ నెగ్గిందని రాసుకుంటడు. అత్త నిమ్మలంగ బీరకాయ వండుతది. "తీర్మానం మీది, గిన్నె నాది" అంటది.

నాకైతే చిర్రెత్తుకొస్తుండె. అవుతలికి పాలు పొంగుతుంటే ఇవుతల చెయ్యి లేపుమంటే ఎవలికి రాదు కోపం? అందుకే ఆయన ఏది పెట్టినా వద్దంటుంటి. "నవీన కాదు, నువ్వు ప్రతిపక్షం" అని నాకు పేరు పెట్టిండు. గా పేరే ఖాయమైంది.

ఇగ శంకరవ్వ సంగతి. శంకరవ్వ అంటే చేప. మా సొంత మామ, అంటే అత్తమ్మ పెనిమిటి మొండయ్య, ఆరేండ్ల కింద కరీంనగర్ల అద్దాల తొట్టితోని సహా కొనుక్కొచ్చిన బంగారు రంగు చేప. పేరు పెట్టాలంటే మళ్ల మీటింగే గద. మొండయ్య మామ లేచి, "గుడ్లు ఎల్లవెట్టి చూసుడు, మూతి ముడుసుడు అచ్చం మా అత్త లెక్కనే ఉన్నది. శంకరవ్వ అని పెడదాం" అన్నడు. మూడు చేతులు లేచినయి. శంకరవ్వ కన్నబిడ్డ కొమురవ్వ ఒక్కతే వద్దన్నది. నేను కొత్త కోడల్ని, ఎవలి దిక్కు లేపాల్నో తెలువక ఊకున్న.

మూడేండ్ల కింద మొండయ్య మామ పోయిండు. అప్పటిసంది గా చేప మా అత్తమ్మకు నిజంగనే అవ్వయింది. పొద్దున లేవంగనే తొట్టి కాడికి పోయి, "అవ్వా, లేసినవా? కోడలు ఇయ్యాల గూడ ఉప్పు ఎక్కువేసింది" అని నా మీద చాడీలు చెప్పేది. శంకరవ్వ మూతి ముడిచి ఇనేది.

ఒక ఐతారం పొద్దున తొట్టి కడుగుతుంటే ఘోరం జరిగింది. పిల్లి రాకుండ మూత మీద బరువుకు పెద్ద రాయి పెడ్తం. అత్తమ్మ తడిచేతుల నుంచి గా రాయి జారి సక్కగ చేప మీద పడ్డది. తీసి చూస్తే ఒక దిక్కు పొలుసు మొత్తం ఊడింది, నడుము వంగింది, తోక కదుల్తలేదు. ఒక పక్కకు ఒరిగి తేలుతుంది. మూతి మాత్రం తెరుస్తుంది, మూస్తుంది.

రెండు రోజులు అది తినలే. మా అత్తమ్మ గూడ తినలే. "నా చేతులే మంచియి గావు బిడ్డా" అనుకుంట తొట్టి ముంగటనే కూసున్నది. చూసినోళ్లందరు నోటికొచ్చింది చెప్పిపోయిన్రు. పసుపు రాయుమని ఒకరు, వేములవాడకు మొక్కుమని ఇంకొకరు.

మంగళారం నేను, అత్తమ్మ, ప్రేమ్‌చంద్ మామ శంకరవ్వను బకిట్ల పెట్టుకొని ఆటోల పశువుల దవాఖానకు పోయినం. డాక్టరు బకిట్లకు తొంగి చూసి తల గోక్కున్నడు.

"బర్రెనైతే చెప్తుంటి. చేప నాకు కొత్త."

పాపం, మంచోడే. చేపల చదువు చదివిన దోస్తుకు ఫోన్ చేసి, వీడియోల చూపించిండు. తర్వాత మెల్లగ చెప్పిండు. "నడుము ఇరిగిందమ్మా. బతుకది. గిట్లనే ఉంచితే ఇంకో వారం తన్లాడుతది. నీళ్లల్ల లవంగం నూనె కలిపితే నిద్రపోతది, నిద్రలనే పోతది. నిర్ణయం మీది."

నిర్ణయం మీది అనంగనే మా అత్తమ్మ మొఖం తెల్లగయింది. మూడేండ్ల కింద కరీంనగర్ దవాఖానల మా మామ మిషన్ మీద ఊపిరి తీస్తున్నప్పుడు డాక్టర్లు గదే మాట అన్నరు. మా ఆయన అరుణ్ దోహాల ఉండె, ఫోన్ కలువలే. నేను కాన్పయి మంచంల ఉంటి. మిషన్ తీసెయ్యమని మా అత్తమ్మ ఒక్కతే సంతకం పెట్టి వచ్చింది. గా సంగతి ఎన్నడూ ఎవలితోని మాట్లాడలే. ఆ రోజు ఆటోల మాత్రం, "అప్పుడు గూడ గీ చేతులే" అన్నది.

ప్రేమ్‌చంద్ మామ తొవ్వ పొడుగూత పుస్తకం తియ్యలే. ఆయనకు పాణం బాగలేదేమో అనుకున్న.

నాలుగు గంటలకు పళ్లెం మీద గంటె మోగింది. మీటింగ్! నాకు మండింది. వాకిట్ల కుర్చీలు ఏసిండు, నడుమ బకిట్ల శంకరవ్వ. కోరం కోసం పాలు పోసే కుమార్‌ను గూడ పట్టి కూసోబెట్టిండు.

"నవీనా, అరుణ్‌కు వీడియో కొట్టు. గిలాసకు ఆనిచ్చి పెట్టు."

"మామా, ఆమె గంత పరేషాన్ల ఉంటే మీకు ఆటనా?"

"ప్రతిపక్షం కూసోవాలె."

కుమార్ బకిట్లకు చూసి, "గింతదానికి మీటింగెందుకు? పులుసు పెట్టరాదా?" అన్నడు.

"గీ ప్రతిపాదన సభా మర్యాదకు విరుద్ధం! ఎనుకకు తీసుకో!"

"తీసుకున్న సార్" అని కుమార్ చేతులు కట్టుకున్నడు.

మామ లేచి నిలబడి పుస్తకం తెరిచిండు. "మొదటి అంశం. శంకరవ్వను ఇంక బాధపెట్టకుండ సాగనంపాలె. గీ నిర్ణయం కొమురవ్వ వదినెది గాదు, గీ సభది. రేపు పైన దేవుడు అడిగితే అందరం కలిసి జవాబు చెప్పాలె."

మగ్దలేనమ్మ అత్త బలపరిచింది. చేతులు లేచినయి. ఫోన్ల అరుణ్ హెల్మెట్ తీసి మరీ చెయ్యి లేపిండు. మా అత్తమ్మ తల వంచుకొని కూసున్నది.

"రెండో అంశం. పాతది." మామ ఇంకో పేజీ తిప్పిండు. "మూడేండ్ల కింద మొండయ్య అన్నను సాగనంపే కాయిదం మీద వదినె ఒక్కతే సంతకం పెట్టింది. గప్పుడు నేను తలుపు బయటనే ఉన్న. ఇంటోళ్లు ఒక్కరే రావాలన్నరు. చెయ్యి లేపుదామని పోయినోణ్ని, లేపకుండనే వచ్చిన. గా నిర్ణయం మంచిదని, అందరిదని గీ సభ ఇయ్యాల ఒప్పుకుంటున్నది. ఇన్నేండ్ల ఆలస్యం సెక్రటరీ తప్పు."

నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. రెండు చేతులు లేపిన.

"ప్రతిపక్షమా, మనిషికి ఒక్క చెయ్యే."

"అవ్వా" అన్నడు ఫోన్ల అరుణ్, "నాది గూడ రాయుమను. నేనున్నా గదే చేద్దును." కుమార్ గూడ, "మొండయ్య కాక మంచోడుండె" అని లేపిండు.

మా అత్తమ్మ అందరి దిక్కు చూసింది. కొంగుతోని మొఖం తుడుసుకున్నది. ఆఖరుకు చెయ్యి లేపింది.

"ప్రేమ్‌చందూ, నాది లెక్కవెట్టినవా?"

"పెట్టిన వదినె. ఏకగ్రీవం."

లవంగం నూనె మగ్దలేనమ్మ అత్తదే, పన్నునొప్పి మందు. "జరంత మిగిలియ్యిన్రి, రాత్రికి నాకు గావాలె" అన్నది. తలా కొంచెం పోసినం. శంకరవ్వ మూతి మెల్లమెల్లగ ఆగింది. జామచెట్టు కింద పెట్టి వచ్చినంక మా అత్తమ్మ రెండు జొన్నరొట్టెలు తిన్నది, కూరల ఉప్పు ఎక్కువైందని నన్ను తిట్టింది. నాకు పాణం లేసొచ్చింది.

తెల్లారి గోడ మీదికెల్లి అడిగిన. "మామా, ఎందుకు మీకు గీ చేతులు లేపుడు?"

"బాయిల ఒక్కన్ని ఎక్కడికీ తోలరు పిల్లా. ఇంట్ల మనిషిని ఒక్కతిని ఎట్ల తోల్తం?" అని, "బెండకాయ తీర్మానం బలపరుస్తవా?" అన్నడు. బలపరిచిన. అత్త బీరకాయే వండింది.

నెల గడిచింది. మా అత్తమ్మే కరీంనగర్ పోయి కొత్త చేపను తెచ్చింది. తొట్టిల ఇడిసి, తనే గంటె పట్టుకొని పళ్లెం మోగించింది. పేరు పెట్టాలె గద. చేప ఒక మూలకు పోయి, రెక్క లేపి, మమ్మల్నే చూస్తున్నది.

"చెయ్యి లేపి కూసున్నది. దీని పేరు ప్రేమ్‌చంద్" అన్నది మా అత్తమ్మ.

మగ్దలేనమ్మ అత్త నవ్వాగక బలపరిచింది. మూడు చేతులు లేచినయి. వ్యతిరేకం ఒక్కటే. గా ఒక్కటి ఎవలిదో పుస్తకంల మామ తన చేతులతోనే రాసుకున్నడు.