ఎల్లన్న సానబట్టిన తీగ

ఎల్లన్నకు శుభ్రమంటే ప్రాణం. సౌదీలోని జుబైల్ క్యాంపులో గదికి ఎనిమిది మంది, అందులో దుప్పటి మడతపెట్టేవాడు అతనొక్కడే. ఒకప్పుడు మెట్‌పల్లిలో కిరోసిన్ స్టవ్వును పిన్నుతో పొడిచి నీలం మంట తెప్పించడానికి వాడకట్టంతా అతన్నే పిలిచేది. ఇక్కడ పద్నాలుగేళ్లుగా పైపు ఫిట్టరు. మూడేళ్లకు ఈసారి సెలవు దొరికింది. మరమ్మతులకు ప్లాంటు ఆపే షట్‌డౌన్ ముగిసిన మరునాడు, శుక్రవారం టికెట్టు. భార్య పుష్ప అప్పుడే ఇంటికి సున్నం వేయించిందట.

ఆ షట్‌డౌన్‌లో గ్యాసు పైపు మీది అరెస్టర్ విప్పారు. పైపులో మంట వస్తే అడ్డుకునే ఇనుప డబ్బా అది. లోపల ముడతల రేకును గట్టిగా చుట్టి, వేల సన్నటి బెజ్జాలున్న దిమ్మ చేశారు. బెజ్జాలన్నీ మసితో పూడుకున్నాయి. మందునీళ్లలో నానబెట్టాలి తప్ప ఏదీ గుచ్చకూడదని కాగితంలో ఉంది. కాగితం ఇంగ్లీషులో ఉంది. ఎల్లన్న స్టవ్ పిన్నులాగే ఒక తీగ సానబట్టి, రెండు రోజులు కూర్చుని ఒక్కో బెజ్జాన్నీ పొడిచాడు. దిమ్మ తళతళలాడింది. సూపర్‌వైజరు ఫొటో తీసి పైకి పంపితే, కాగితం చదివిన పెద్దలంతా బొటనవేలు బొమ్మలు పెట్టారు.

తనిఖీకి వచ్చిన కడప టెక్నీషియన్ మస్తాన్ వలీ దిమ్మను వెలుతురుకెత్తి చూసి, తీగ పోటుకు వెడల్పైన బెజ్జాలను వేలితో చూపించాడు. తర్వాత ఓపిగ్గా చెప్పాడు. ఆరుబయట అంటుకున్న మంట నలుదిక్కులా పరచుకుని నీరసపడుతుంది. పైపులో గోడలు దాన్ని పక్కకు పోనివ్వవు. కాలిన గ్యాసు వెనక నుంచి తోస్తుంటే వేగం పెరిగి పెరిగి, కొంత దూరం పోయాక అది మంటగా ఉండదు, చప్పుడుకన్నా ముందు పరుగెత్తే పేలుడవుతుంది. దాన్ని చంపేవి కూడా గోడలే, బాగా దగ్గరికొస్తే. సన్నటి బెజ్జంలో దూరగానే చుట్టూ ఉన్న లోహం దాని వేడినంతా లాగేసుకుంటుంది.

"వెయ్యి బెజ్జాల్లో సచ్చి, ఒక్కదాంట్లో బతికి బయటపడినా చాలు ఎల్లన్నా. అవతల ట్యాంకు ఉండాది. నువ్వు ఎన్ని పెద్దవి చేసినావో నీకే తెలీదు" అన్నాడు.

ట్యాంకు పక్క పంపుల దగ్గర డ్యూటీ స్వామిది. ఎల్లన్న పై మంచం మీద ఎనిమిదేళ్లుగా గురక పెట్టే స్వామిది.

సూపర్‌వైజరు మాత్రం నిబ్బరంగా ఉన్నాడు. కొత్త దిమ్మ రావాలంటే ఆరు వారాలట, గురువారం ప్లాంటు నడవాలట. మూత బిగించాక లోపల ఎవడు చూస్తాడు, మాఫీ ముష్కిల్ అన్నాడు. అంటే ఏ ఇబ్బందీ లేదని, మరీ ముఖ్యంగా తనకు. ఎల్లన్న శుక్రవారం టికెట్టును కూడా దయతో గుర్తుచేశాడు.

ఎల్లన్న ఆ టికెట్టు గురించే చాలాసేపు ఆలోచించాడు. తర్వాత పెద్ద సుత్తి తెచ్చి, దిమ్మ నడుమ నాలుగు దెబ్బలు వేశాడు. ముడతలు అప్పడాల్లా నలిగాయి.

"గిది నేనే ఖరాబు జేసిన వలీ భాయ్. ఇగ దీన్ని ఎవ్వడు బిగించలేడు" అన్నాడు.

ఆరు వారాల దిమ్మ నాలుగు రోజుల్లో విమానమెక్కి దిగింది. సెలవు కాగితానికి మూడు నెలలు తిప్పిన కంపెనీ, ఎల్లన్నను శాశ్వతంగా ఇంటికి పంపే ఫైనల్ ఎగ్జిట్‌ను రెండు రోజుల్లో ముగించింది. మాట ప్రకారం శుక్రవారమే పంపింది, తిరుగు టికెట్టు లేకుండా. లోపాన్ని ముందుగా కనిపెట్టినందుకు సూపర్‌వైజరుకు సేఫ్టీ బహుమతి వచ్చింది.

వారం తర్వాత స్వామి ఫోన్ చేశాడు. సుత్తి సంగతి అతనికెవరూ చెప్పలేదు. ఆ బహుమతికి పంచిన సేఫ్టీ కేకు మంచిగున్నదని, రెండు ముక్కలు తిన్నానని చెప్పాడు. కింది మంచానికి కొత్తగా వచ్చినోడు తన గురకకు రోజూ కొట్లాడుతున్నాడని కూడా చెప్పాడు.

"జర ఓపిక పట్టుమను" అన్నాడు ఎల్లన్న, సున్నం వాసన పోని ఇంట్లో కూర్చుని. పుష్ప పక్కనుంచి మళ్లీ ఎప్పుడు పోతావని అడుగుతూనే ఉంది. స్వామి గొంతు ఇంకాస్త వినాలని అతను ఫోన్ పెట్టలేదు.