శనివారం మాత్ర

ఆపా పోయారన్న కబురు నాకు మా డైరెక్టరుగారి ఆఫీసు నుంచి ఫోన్లో వచ్చింది. చెప్పినవాడు "అయ్యో" అనైనా అనలేదు. "మీ మేడమ్ బాపట్లలో పొద్దున పోయారంటండి, గుండెపోటంట. సంతాప సభ పెడతన్నాం. డైరెక్టర్ గారు చదవడానికి నాలుగు ముక్కలు రాసిపెట్టండి. కొంచెం బరువైన మాటలు పడాలండి" అన్నాడు. ఏడుపు రావలసిన చోట నాకు ఒళ్ళు మండింది. బరువైన మాటలు నా దగ్గర లేవని ఫోన్ పెట్టేసి, ఆ తర్వాత ఏడ్చాను.

ఆ నాలుగు ముక్కలూ ఇప్పుడు మీ కోసం రాస్తున్నాను. డైరెక్టరుగారు చదివినా నాకు అభ్యంతరం లేదు.

తెనాలిలో మా ఆస్పత్రి కేన్సర్ వార్డుకి మందులు కలిపి ఇచ్చే ఫార్మసీకి ఆవిడ పెద్ద. ఆవిడ కింద పనిచేసిన వాళ్ళం, హిందువులమూ క్రైస్తవులమూ కూడా, ఆవిడని "ఆపా" అనే పిలిచేవాళ్ళం. సాయిబుల ఇళ్ళలో అక్కని పిలిచే పిలుపు. బాపట్ల నుంచి రోజూ పాసింజర్లో వచ్చేవారు. రైలు ఆలస్యమైతే రైల్వేని తిట్టుకుంటూ, ఆలస్యం కాకపోతే మేమేదో పాడుచేసి ఉంటామన్న అనుమానంతో లోపలికి అడుగుపెట్టేవారు. టీ సాసర్లో పోసుకుని తాగేవారు. సిరాతో రాసే పెన్నుకి మూత పెట్టని మనిషిని ఆవిడ మనిషిగా లెక్కవేసేవారు కాదు.

మెత్తని మనిషి అని రాయలేను. నరాలకి ఎక్కించే మందులు కలిపే గదిలో ఎవరైనా నోరు విప్పితే ఆవిడ చూసే చూపుకి గ్లౌజులు కూడా చల్లబడేవి. "ఆ గదిలో దేవుడు పిలిచినా పలక్కు తమ్ముడూ. ఆయన ఆగుతాడు, మందు ఆగదు" అనేవారు. కౌంటర్ దగ్గర మేం పేషెంట్లని "అర్థమైందా?" అని అడిగితే ఆవిడకి కంపరం. "అట్టా అడిగితే ఊరందరికీ అర్థమవుద్ది. అడగొద్దు, వాళ్ళ చేత చెప్పించు" అనేవారు.

ఇప్పుడు రేపల్లె నుంచి వైద్యానికి వచ్చే ఒకావిడ సంగతి చెప్పాలి. బియ్యం మిల్లులో చెరిగే పని చేసే మనిషి. రక్తం కేన్సర్. పెద్ద వైద్యం గట్టెక్కి, ఇంటి దగ్గర మాత్రలు వేసుకునే దశకి వచ్చింది. వాటిలో ఒక రకం వారానికి ఒక్కసారే వేసుకోవాలి. ఎక్కువైతే ఒంట్లో తెల్లకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికి వస్తుంది. ఆపా సెలవులో ఉన్నప్పుడు కౌంటర్లో కొత్తగా చేరిన ఒకాయన "వారానికొకటి అమ్మా, మానకూడదు. అర్థమైందా?" అన్నాడు. ఆవిడ "అర్థమైందండి" అంది.

మళ్ళీ వచ్చేసరికి ఆవిడకి నోరంతా పూసింది. మంచినీళ్ళు కూడా దిగడం లేదు. పక్కన పట్టుకోవడానికి చెల్లెలు వచ్చింది. మాత్రలు ఎలా వేసుకున్నావని ఆపా అడిగితే ఆ పూసిన నోటితోనే చెప్పింది.

"చెప్పినట్టే ఏసుకున్నానమ్మా. వారానికొకటి. సోమవారం ఒకటి, మంగళవారం ఒకటి, బుధవారం ఒకటి. ఏ వారమూ మానలేదమ్మా."

మా ప్రాంతంలో "ఇవాళ ఏ వారం?" అని అడిగితే సోమవారమనో మంగళవారమనో చెబుతాం. "నేను శనివారం చేస్తాను" అంటే ఆ రోజు ఒక్కపొద్దు ఉంటానని. ఏడు రోజులూ వారమే, రోజూ వారమే. ఆవిడ విన్న మాటని విన్నట్టే పాటించింది.

విరుగుడు ఇంజెక్షన్ మా దగ్గర అయిపోయి ఉంది. ఆపా ఎవరి సంతకం కోసమూ ఆగకుండా ఊళ్ళో ఉన్న ఆస్పత్రులన్నిటికీ ఫోన్లు చేసి, చివరికి తనే ఆటో ఎక్కి వెళ్ళి ఒకచోట బతిమాలి తెచ్చారు. ఆవిడ బతిమాలడం నేను చూసింది అదొక్కసారే.

డైరెక్టరుగారు మమ్మల్ని పిలిచారు. "చదువులేని జనం, మనమేం చేస్తాం? పేషెంటు పొరపాటు అని రాసేయండి" అన్నారు.

"ఆవిడకి రానిది చదువండి. తెలుగు రానిది మనకి" అన్నారు ఆపా.

ఆయన పుట్టి పెరిగింది చుండూరు పక్కనే. వాళ్ళమ్మగారు శనివారాలు చేసేవారని ఆయనే మాకు గొప్పగా చెప్పుకున్నారు. అంత తెలుగు తిని పెరిగి, కోటు తొడగ్గానే మరిచిపోవడానికి ఎంత సాధన కావాలో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఆ రేపల్లె మనిషి బతకడానికి చాలా రోజులు పట్టింది. ఆపా రోజూ సాయంత్రం రైలుకి వెళ్ళేముందు మాస్కు కట్టుకుని ఆవిడ గది గుమ్మం దగ్గర నిలబడేవారు. లోపలికి వెళ్ళేవారు కాదు. మంచం మీంచి చెయ్యి లేస్తే సరే, లేవని రోజు రైలు వదులుకునేవారు.

ఆ తర్వాత మా కౌంటర్లో "వారానికి" అనే మాట నిషేధం. "నువ్వు ఏ వారం చేస్తావమ్మా?" అని అడగాలి. శనివారం అంటే అది శనివారం మాత్ర. చర్చికి పోయేవాళ్ళకి ఆదివారం మాత్ర, మసీదుకి పోయేవాళ్ళకి జుమ్మా మాత్ర. ఒక్కో మాత్ర ఒక్కో కవర్లో, మీద ఆ వారం పేరు పెద్ద అక్షరాల్లో. రేపల్లె ఆవిడది శనివారం. ఒకసారి మా తెనాలి పెద్దమనిషి ఒకాయన "నాకు వారాలూ వర్జ్యాలూ లేవమ్మా, నేను హేతువాదిని" అని గొంతు పెంచారు. "మంచిదండి. మీ సభలు ఏ వారం పెట్టుకుంటారు?" అని అడిగారు ఆపా. ఆయన ఆదివారం మాత్ర తీసుకుని వెళ్ళారు.

డైరెక్టరుగారికి ఇదంతా నామోషీ. "ఇది ఫార్మసీయా, పంచాంగమా? చూసినవాళ్ళు నవ్వుతారు" అన్నారు. "నవ్వనివ్వండి. నవ్వేవాళ్ళకి మన మందు అక్కర్లేదు" అన్నారు ఆపా. ఆ మాటకి ఆయన ఆవిడ బల్లని అట్టపెట్టెల గదిలోకి మార్పించారు. తర్వాత బయటినుంచి చూడవచ్చిన పెద్ద డాక్టర్లు ఆ కవర్లని మెచ్చుకుంటే, "మా ఐడియా అండి" అని ముసిముసిగా నవ్వింది కూడా ఈయనే. ఆపా రిటైరై వెళ్ళగానే కవర్లు తీసేసి ఇంగ్లీషు స్టిక్కర్లు అంటించారు. ఇంగ్లీషులో అయితే ఎవరికీ అర్థం కాదు కాబట్టి, తప్పుగా అర్థమయ్యే గొడవే లేదు.

ఇక సంతాప సభ. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు కదా, అదంతా ఫ్లెక్సీ మీద ఉంది. సేవామూర్తి, త్యాగజ్యోతి, ఇంకా ఏవో. బతికుండగా కిటికీ ఉన్న గది ఇవ్వని వాళ్ళు పోయాక గోడ మొత్తం ఇచ్చారు. ఫోటోలో ఆపా కళ్ళజోడు మీంచి చూస్తున్నారు, పెన్ను మూత ఎవడు తీశాడన్నట్టు. ఆవిడ బల్ల గెంటించిన ఆయన మైకు పట్టుకుని గొంతు పూడుకుపోయినట్టు దగ్గారు. నాకు ఆపా లేరన్న దిగులు ఒక పక్క, ఈ దగ్గు ఆవిడ వినలేదన్న సంతోషం ఒక పక్క.

"ఆమె ఆశయాలు కొనసాగిస్తాం. ఆమె మొదలుపెట్టిన కవర్ల పద్ధతిని వచ్చే వారం నుంచి మళ్ళీ తెస్తాం" అన్నారాయన. సంతాప సభ అని మరిచిపోయి కొందరు చప్పట్లు కొట్టారు.

వెనక వరసలో ఒకావిడ లేచి నిలబడింది. రేపల్లె బండికి వచ్చినట్టుంది, చంకలో ఇంకా సంచి ఉంది. నేను గుర్తుపట్టేలోపే గొంతు వినిపించింది.

"ఏ వారమండి?"

డైరెక్టరుగారు నవ్వారు. "అదేనమ్మా, వచ్చే వారం."

"అదేనండి అడుగుతున్నా. వచ్చే వారమంటే ఏ వారం?"

ఆయన పక్కవాళ్ళ వైపు చూశారు. పక్కవాళ్ళు ఫ్లెక్సీ వైపు చూశారు. మైకు కాసేపు కీచుమంది. ఎవరో "కూర్చోమ్మా" అన్నారు. ఆవిడ సంచి ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని, అలాగే నిలబడి ఉంది.